సార్ దగ్గరైతే భద్రం

వాసంతి నలభై రెండో ఏట మళ్లీ కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు ఇంగ్లండ్‌లో, లీసెస్టర్‌లోని తెలుగువాళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆమె చదవబోయేది మానవ హక్కుల చట్టం, దేశాల సరిహద్దులు దాటిన నేరాల విచారణ అని తెలిశాక కూడా చెప్పలేదు. కేకుల మీద క్రీముతో పూలు వేయడం నేర్చుకుంటున్నానన్నా ఇంతే ఆదరంగా వినేవారు. ఇంట్లో ఊరికే కూర్చోకుండా మంచి పని చేస్తున్నావని పెద్దవాళ్లు మెచ్చుకున్నారు. ఊరికే కూర్చునే వసతి తనకు ఎప్పుడు కలిగిందో వాసంతికి గుర్తు రాలేదు గాని, మెచ్చుకున్నవాళ్లందరికీ థాంక్స్ చెప్పింది.

ఆమె గుంటూరులో బి.ఎల్. చదివింది. నల్లకోటు కుట్టించుకున్న ఏడాదే పెళ్లయింది. భర్త రామ్మోహన్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. మనుషులను నిద్రపుచ్చడం, మళ్లీ లేపడం ఆయన పని. ఇంట్లో మాట్లాడేటప్పుడు మాత్రం డాడీ మొదటి సగమే చేస్తాడని పద్నాలుగేళ్ల కూతురు మాయ అంటుంది. ఆ మాట ఇంగ్లిషులోనే అంటుంది. తెలుగు దానికి అర్థమవుతుంది, నోట్లోంచి రాదు.

తరగతులు వారానికి రెండు సాయంత్రాలు. క్లాసులో గ్రీసు నుంచి, నైజీరియా నుంచి, కొలంబియా నుంచి వచ్చిన పిల్లలు, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లవాళ్లు. ప్రపంచంలో జరిగిన ఘోరాలన్నీ వాళ్లు తేదీలతో సహా చెప్పగలరు. అద్దె ఫ్లాట్‌లో ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. మొదటి వారం వాసంతిని లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారు. రెండో వారం నుంచి ఆమె తెచ్చే డబ్బాలో ఏముందో కనుక్కుని పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

పెద్ద వ్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు వాసంతి బలవంతపు చాకిరీ ఎంచుకుంది. పరాయి దేశంలో పనికి కుదిరిన మనిషి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకుంటే దాన్ని నేరానికి గుర్తుగా ఎప్పుడు లెక్కించాలి, ఏ దేశపు చట్టం కింద లెక్కించాలి అన్నది ఆమె ప్రశ్న. ఉదాహరణలు చాలా పోగు చేసింది. గల్ఫ్ దేశాల్లోని ఇళ్లు, సముద్రం మధ్యలో నెలల తరబడి ఉండే చేపల పడవలు, లండన్‌లోని రాయబారుల బంగళాలు. ఉదాహరణ ఎంత దూరం నుంచి వస్తే వ్యాసానికి అంత బరువు వచ్చేది. పక్క ఊరు కోవెంట్రీ అరగంట దూరం. అటు చూడాలని ఆమెకు తోచలేదు.

రెండువేల తొమ్మిదిలో దీపావళి వెళ్లిన మూడు వారాలకు తెలుగు అసోసియేషన్‌కు హాలు దొరికింది. అందుకని దీపావళి అప్పుడు చేశారు. వడ్డన ఎప్పటిలాగే ఆంజనేయప్రసాద్ గారి పిల్లలది.

డాక్టర్ ఆంజనేయప్రసాద్ అసోసియేషన్‌కు పోషకులు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, కోవెంట్రీలో ముప్పై ఏళ్లు జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి, రిటైరయ్యాక ముసలివాళ్ల కోసం రెండు కేర్ హోములు పెట్టారు. పరీక్షలు రాయడానికి వచ్చే కుర్ర డాక్టర్లకు ఒకప్పుడు ఆయన ఇల్లే సత్రం. ఆయన ఇంటి సాంబారు తినకుండా ఈ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో కన్సల్టెంట్ డాక్టరు అయిన తెలుగువాడు లేడంటే అతిశయోక్తి కాదు. రామ్మోహన్ నాలుగు నెలలు తిన్నాడు.

‘పిల్లలు’ ఆయన కడుపున పుట్టినవాళ్లు కారు. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల నర్సింగ్ చదివిన ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లను తన కేర్ హోముల్లో పనికి ఆయనే రప్పించారు. అసోసియేషన్‌లో ఏ కార్యక్రమం జరిగినా, ఆ రోజు డ్యూటీ రోటాలో లేనివాళ్లను కారులో ఎక్కించుకుని తెస్తారు. వాళ్లు వడ్డిస్తారు. చివర్లో వాళ్ల నిస్వార్థ సేవకు సభ చప్పట్లు కొడుతుంది. చప్పట్లయ్యాక వాళ్లు గిన్నెలు కడుగుతారు.

వాసంతి తను తెచ్చిన గంగాళం తీసుకుపోదామని వంటగదిలోకి వెళ్లినప్పుడు, సింకు దగ్గర ఆ ఐదుగురిలో రోజమ్మ ఒక్కతే ఉంది. ముప్పై మూడేళ్ల మనిషి, చేతులకు పసుపు రంగు రబ్బరు తొడుగులు. తలెత్తకుండానే అడిగింది.

“మేడమ్, మీరు పాస్‌పోర్టుల గురించి చదువుతున్నారంట కదండీ.”

ఎవరు చెప్పారని వాసంతి అడిగితే, మీ పాప మాతో పనిచేసే జెస్లిన్‌తో అందంట అని చెప్పింది. ఆ తర్వాత గంగాళం తోముతూనే తన సంగతి చెప్పుకొచ్చింది. ఆమె వచ్చి మూడేళ్లయింది. ముసలివాళ్లను లేపడం, స్నానం చేయించడం, తినిపించడం చేస్తూనే ఇక్కడి నర్సింగ్ శిక్షణ పూర్తి చేసింది. ఇప్పుడు ఆమె పేరు నర్సుల రిజిస్టర్‌లో ఎక్కింది. లీడ్స్‌లో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. డిసెంబర్ పద్నాలుగున సోమవారం వెళ్లి అసలు పాస్‌పోర్టు చూపించాలి. చూపించకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తారు. పాస్‌పోర్టు సార్ దగ్గర ఉంది.

“అడిగావా?”

“మూడుసార్లు అడిగానండీ. ‘లాకర్‌లో భద్రంగా ఉందమ్మా, నీకెందుకు కంగారు’ అంటారు. కోప్పడరండీ. కోప్పడితే బాగుండును, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.”

లీడ్స్ సంగతి సార్‌కు చెప్పలేదు. చెబితే ఇక లాకర్ అసలు తెరుచుకోదని ఆమె భయం. ఒక మనిషి వెళ్లిపోతే రోటా తలకిందులవుతుంది, ఇంకో మనిషిని ఇండియా నుంచి తెప్పించడానికి ఆరు నెలలు పడుతుంది. అది ఆయన కష్టమని రోజమ్మే వివరించింది.

వాసంతి తనకు తెలిసిన చట్టమంతా చెప్పింది. అది నీ వస్తువు, ఆయనకు ఉంచుకునే హక్కు లేదు, పోలీసులున్నారు, ఇలాంటివాటికి ప్రత్యేకంగా ఫోన్ నంబర్లున్నాయి అంది. రోజమ్మ కుళాయి కట్టేసింది.

“కేసులొద్దు మేడమ్. మా అమ్మకు ఆపరేషనైనప్పుడు అక్కడి డాక్టర్‌తో సారే ఫోన్లో మాట్లాడారు. రోజూ మాట్లాడారు. నాకు ఆయన మీద కోపం లేదు. నా పుస్తకం నాకు కావాలి, అంతేనండి.”

వాసంతి ఆ మాట తీసుకుని తన లెక్చరర్ హెలెన్ దగ్గరికి వెళ్లింది. హెలెన్ మంచి మనిషి. విన్నంతసేపూ ముఖంలో బాధ పెట్టుకుంది, కానీ చివరికి వచ్చేసరికి కళ్లలో మెరుపు ఆపుకోలేకపోయింది. ఇంత దగ్గరలో, ఇంత చక్కటి ఉదాహరణ. ఇది యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని నాలుగో అధికరణం కిందికి వస్తుంది, రాజ్యానికి దీనిలో జోక్యం చేసుకునే బాధ్యత ఉంది అని, ఆ బాధ్యత మీద వచ్చిన తీర్పులు నాలుగు చెప్పింది. రోజమ్మ ఒప్పుకుంటే ఆమెను ఇంటర్వ్యూ చేయవచ్చు, అందుకు ముందు కాలేజీ నైతిక విలువల కమిటీ అనుమతి తీసుకోవాలి, కమిటీ ఫిబ్రవరిలో కూర్చుంటుంది, మార్చిలో ఇంటర్వ్యూ మొదలుపెట్టవచ్చు. ఉద్యోగం డిసెంబర్‌లో అని వాసంతి గుర్తు చేసింది. హెలెన్ ఆలోచించి, అవును, అది కూడా వ్యాసంలో రాయాలి అంది.

హెలెన్ ఇచ్చిన కార్డు మీది హెల్ప్‌లైన్ నంబరుకు వాసంతి ఫోన్ చేసింది. అవతల ఒకావిడ ఓపికగా ప్రశ్నలడిగింది. ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తున్నారా? లేదు. కొడుతున్నారా? లేదు. తిండి పెడుతున్నారా? ఆదివారం మటన్ కూడా పెడుతున్నారు. ఆమె ఫిర్యాదు చేస్తుందా? చేయదు. ఆవిడ, పరిస్థితి మారితే మళ్లీ చేయమంది. పరిస్థితి మారకపోవడమే సమస్య అని ఎలా చెప్పాలో తెలియక వాసంతి ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో చెప్పింది. రామ్మోహన్ ఆశ్చర్యపోలేదు.

“నా పాస్‌పోర్టు కూడా అప్పట్లో ఆయన లాకర్‌లోనే ఉండేది.”

“అడిగితే ఇచ్చారా?”

“అడగడమెందుకు? పోస్టింగ్ రాగానే ఆయనే తెచ్చి చేతిలో పెట్టారు. ఆంటీ స్వీటు చేసింది.”

“రోజమ్మకూ పోస్టింగ్ వచ్చింది.”

“అది వేరు కదా,” అన్నాడు రామ్మోహన్. ఎలా వేరో చెప్పలేదు. మాయ తలెత్తి, “డాడ్, ఇట్స్ లిటరల్లీ ఎ క్రైమ్” అంది. పెద్దాయన గురించి అలా మాట్లాడకూడదని కూతురికి నచ్చజెప్పి, తనే మాట్లాడతానని భార్యకు మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆదివారం ఫోన్ చేసి, ఆయన మోకాలి ఆపరేషన్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పెట్టేశాక, ఇవాళ సందర్భం కుదరలేదన్నాడు.

నవంబర్ చివర్లో అసోసియేషన్ కార్యదర్శి విజయకుమార్ నుంచి ఫోన్ వచ్చింది. డిసెంబర్ పదమూడు ఆదివారం హాలు ఖాళీగా ఉందట. హాలు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి చేయడం అసోసియేషన్ పద్ధతి. క్యాలెండర్ వెతికితే, అంతకు మూడు రోజుల ముందు ప్రపంచ మానవ హక్కుల దినోత్సవం కనిపించింది. సన్మానం ఎవరికన్న ప్రశ్న కమిటీలో ఎక్కువసేపు నిలవలేదు. ఆంజనేయప్రసాద్ గారికి సాహిత్య పోషణకు ఒకసారి, షష్టిపూర్తికి ఒకసారి చేశారు. మానవ హక్కులకు ఇంకా చేయలేదు. ఐదుగురు ఆడపిల్లలకు బతుకు చూపించిన మనిషి కదా.

“సన్మానపత్రం మీరే రాసి, మీరే చదవాలి వాసంతిగారూ. మన అందరిలో ఈ సబ్జెక్టు మీదొక్కరిదే,” అన్నాడు విజయకుమార్.

వాసంతి పొయ్యి మీది కూర కలిపి, మంట తగ్గించి, అప్పుడు సరేనంది.

తెలుగువాడికి సన్మానం ఎలా జరుగుతుందో ఆమెకు బాగా తెలుసు. పదిహేనేళ్లుగా మూడో వరసలో కూర్చుని చూస్తోంది. సన్మానపత్రంలో రాసింది నిజమా కాదా అని ఎవరూ అడగరు. చదివాక అదే నిజమవుతుంది. సంతకం చేయని చెక్కులు సన్మానపత్రంలో దానాలైపోయి, మర్నాడు దాత సిగ్గుపడి నిజంగానే సంతకం చేసిన సందర్భాలు ఆమెకు తెలుసు. కోర్టు తీర్పును అప్పీలులో కొట్టేయవచ్చు. ఫ్రేము కట్టి చేతిలో పెట్టిన పొగడ్తను కొట్టేయడానికి ఏ దేశంలోనూ దారి లేదు.

మర్నాడు రామ్మోహన్‌ను వెంటబెట్టుకుని కోవెంట్రీ వెళ్లింది. ప్రసాద్‌గారు కాలు స్టూలు మీద పెట్టుకుని సోఫాలో ఉన్నారు. పత్రం రాసే ముందు మీ సేవ గురించి మీ నోటితో వినాలని వచ్చానంది. ఆయన సంతోషంగా చెప్పారు. విమానాశ్రయానికి తనే వెళ్లి తెచ్చిన రోజులు, వాళ్లకు కొనిపెట్టిన చలికోట్లు, క్రిస్మస్‌కు చర్చి దాకా కారులో దింపడం. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. పాస్‌పోర్టుల మాట ఆయనే ఎత్తారు. ఆడపిల్లలు, ఐదుగురూ ఒకే ఇంట్లో ఉంటారు, ఎక్కడ పారేసుకుంటారోనని బ్యాంకు లాకర్‌లో పెట్టాను, దాని అద్దె కూడా నాదే అన్నారు.

“ఇది అందరికీ తెలియాలి కదండీ. ఎవరూ చూడని సేవ ఇదే,” అంది వాసంతి. “శాలువా కప్పాక ఆ పాస్‌పోర్టులు మీ చేతులతో ఒక్కొక్కరికీ అందిస్తే ఎలా ఉంటుంది? వేదిక మీద. మన వార్డు కౌన్సిలర్ కూడా వస్తున్నాడు. ఫోటో బాగుంటుంది.”

ప్రసాద్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇన్నేళ్లకు నన్ను అర్థం చేసుకున్నది నువ్వొక్కదానివే తల్లీ.”

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. వాసంతికి ఒక్క క్షణం ఇబ్బందిగా అనిపించింది. కానీ ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఇంకో మాట కలిపారు. “ఫోటో అయ్యాక మళ్లీ మనమే తీసేసుకుందాం. కోటు జేబుల్లో పెట్టుకుని బస్సెక్కితే ఇంకేమన్నా ఉందా.”

తిరుగుదారిలో రామ్మోహన్, చూశావా ఎంత జాగ్రత్త మనిషో అన్నాడు. చూశానంది వాసంతి. మోటార్‌వే మీద ఆమె కార్యక్రమం వరస ఆలోచిస్తోంది.

మామూలుగా సన్మానం చివర పెడతారు. ముందే పెడితే శాలువా కప్పగానే జనం భోజనాలకు లేస్తారు, ఉపన్యాసాలకు ఎవరూ మిగలరు. కాని దీనికి ఇంకో నియమం తోడుంది. ఒకసారి శాలువా, దండ పడ్డ మనిషి వందన సమర్పణ అయ్యేదాకా వేదిక దిగకూడదు. దిగితే తన గురించి మాట్లాడబోయేవాళ్లను అవమానించినట్టు. మధుమేహం ఉన్నవాళ్లు కూడా బాత్రూముకు వెళ్లకుండా కూర్చోవడం ఆమె చూసింది.

వాసంతి కౌన్సిలర్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆయనకు ముందుగా వెళ్లిపోవడం వీలా, ఆలస్యంగా వెళ్లడం వీలా అని అడిగింది. ముందుగా అయితే మహా సంతోషమన్నారు. ఎవరైనా అలాగే అంటారు. ఆ కారణం చూపించి సన్మానం, పాస్‌పోర్టుల ప్రదానం మొదటికి తెచ్చింది. తర్వాత ఉపన్యాసకుల సంగతి. ఎన్నో ఏళ్లుగా మైకు అందక బాధపడుతున్నవాళ్ల పేర్లు ఆమెకు కంఠతా వచ్చు. తెలుగు ప్రాచీనత మీద పరిశోధన చేసిన రిటైర్డ్ ఇంజినీరు, ప్రసాద్‌గారి మీద పద్యాలు అల్లిన ఇద్దరు, హోమియోపతికీ మానవ హక్కులకూ ఉన్న సంబంధం కనిపెట్టిన ఒకాయన. అందరికీ తనే ఫోన్ చేసి, తప్పకుండా మాట్లాడాలి, సమయం గురించి ఆలోచించవద్దు అంది. విజయకుమార్ ఆ వరస చూసి కంగారుపడ్డాడు.

“మాట్లాడే హక్కు కూడా హక్కే కదండీ,” అంది వాసంతి. “ఆ రోజైనా ఇవ్వకపోతే ఎలా.”

రోజమ్మకు ఫోన్‌లో చెప్పింది తక్కువ. పాస్‌పోర్టు చేతికి రాగానే వేదిక దిగు, వంటగది వైపు రావద్దు, బయట గేటు పక్క నుంచి స్టేషన్‌కు బస్సుంది అంది. రోజమ్మ ఒక్కటే అడిగింది, సార్‌కు చెప్పకుండా వెళ్తే బాగుంటుందా అని. రైలెక్కాక మెసేజ్ పెట్టమంది వాసంతి.

ఆదివారం హాలు నిండింది. కౌన్సిలర్ లావుపాటి, మర్యాద గల ఇంగ్లిషు మనిషి. ఆయన పక్కన మాయను కూర్చోబెట్టారు, తెలుగులో జరిగేది చెవిలో చెప్పడానికి. ప్రసాద్‌గారు పట్టు పంచె కట్టుకుని, చేతికర్రతో మెల్లగా వేదిక ఎక్కారు. శాలువా పడింది, దండ పడింది. ఐదుగురు ఆడవాళ్లూ ఒకే రంగు చీరల్లో పక్కన వరసగా నిలబడ్డారు. ఆ చీరలు కూడా ఆయన కొన్నవే.

వాసంతి సన్మానపత్రం చదివింది. “పరదేశమున పరుల బిడ్డలను కన్నబిడ్డలుగా కాచి, వారి పాస్‌పోర్టులను కంటికి రెప్పవలె మూడు సంవత్సరములుగా తమ యొద్ద భద్రపరచి, వారు తమ కాళ్లపై తాము నిలువగలిగిన ఈ శుభదినమున వానిని తమ స్వహస్తములతో శాశ్వతముగా వారికి అప్పగించుచున్న ఓ త్యాగమూర్తీ” అన్న చోట గొంతు పెంచింది. ‘శాశ్వతముగా’ దగ్గర ప్రసాద్‌గారి తల కొంచెం పక్కకు తిరిగింది. కాని అప్పటికే సభ చప్పట్లు మొదలుపెట్టింది. చప్పట్ల మధ్య సవరణలు చెప్పే వీలు సన్మానంలో ఉండదు.

మాయ నిజాయితీగా అనువాదం చేసింది. ఆయన మూడేళ్లుగా వాళ్ల పాస్‌పోర్టులు తన దగ్గర పెట్టుకున్నాడు, అందుకు శాలువా కప్పారు అని. కౌన్సిలర్ చప్పట్లు ఆపి, అందరివీనా అని అడిగాడు. అందరివీ అంది మాయ. ఆయన వేదిక వైపు, శాలువా వైపు, తడి కళ్లతో కూర్చున్న పెద్దాయన వైపు చూశాడు. ఇది వీళ్ల సంస్కృతిలో ఏదో లోతైన విషయమై ఉంటుందని తీర్మానించుకున్నట్టున్నాడు. అందరికంటే చివర దాకా చప్పట్లు కొట్టాడు.

ఒక్కొక్కరూ వచ్చారు. జెస్లిన్ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి తీసుకుంది. మూడో మనిషి రోజమ్మ. ఆమె పాస్‌పోర్టు అందుకుని, ఫోటో కోసం నవ్వి, అడుగు వెనక్కి వేస్తుండగా ఫోటోగ్రాఫర్ చెయ్యెత్తి ఆపాడు. ఫ్లాష్ పడలేదట, ఇంకోసారి ఇవ్వమన్నాడు. ప్రసాద్‌గారు చెయ్యి చాపారు. రోజమ్మ వాసంతి వైపు చూసింది. వాసంతి దగ్గర దీనికి ఏ ఏర్పాటూ లేదు. హాలంతా ఎదురుచూస్తోంది. రోజమ్మ పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని తిప్పి చూశారు. మొదటి పేజీ తెరిచి, ఆమె ఫోటోనూ ఆమెనూ పోల్చి, “అప్పుడెంత సన్నగా ఉండేదానివే” అన్నారు ప్రేమగా. ముందు వరసలు నవ్వాయి. అప్పుడు మళ్లీ ఇచ్చారు. ఈసారి రోజమ్మ రెండు చేతులతో పట్టుకుంది. ఫ్లాష్ పడింది. ఆయన వదలకముందే ఆమె లాక్కున్నట్టు ఫోటోలో కనిపిస్తుంది. కాని దాన్ని చూసినవాళ్లంతా అది వినయం అనుకున్నారు.

తర్వాత ఉపన్యాసాలు. తెలుగు ప్రాచీనత శాతవాహనులకు ముందు నుంచి మొదలైంది. కౌన్సిలర్ వెళ్లిపోయాడు. ఇంజినీరు ఇక్ష్వాకుల దాకా వచ్చేసరికి, రోజమ్మ వరసలో లేదని ప్రసాద్‌గారు గమనించారు. దండ మీదుగా హాలంతా వెతికారు. విజయకుమార్ వైపు చేత్తో సైగ చేశారు. విజయకుమార్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మళ్లీ సైగ చేశారు. ఫ్యాను తిప్పు అనుకుని డిసెంబర్‌లో ఫ్యాను వేశాడు. పద్యాలవాళ్లిద్దరూ ఎదురుగా నిలబడి, ఆయన కళ్లలోకి చూస్తూ చదివారు. చదువుతున్నంతసేపూ ఆయన చేతులు జోడించి ఉంచక తప్పలేదు. హోమియోపతి ఆయన ముగించేసరికి లీడ్స్ రైలు వెళ్లిపోయి చాలాసేపయింది.

వందన సమర్పణ అయ్యాక ఆయన మెల్లగా మెట్లు దిగారు. వాసంతి అక్కడే నిలబడింది. రోజమ్మ ఏదని అడిగితే ఏం చెప్పాలో అనుకుని పెట్టుకుంది. ఆయన మిగతా నలుగురినీ పాస్‌పోర్టులు తిరిగి ఇవ్వమంటే, పత్రంలో ‘శాశ్వతముగా’ అని ఉందని అందరి ముందూ గుర్తు చేయడానికి సిద్ధంగా ఉంది.

ఆ అవసరం రాలేదు. నలుగురూ వాళ్లంతట వాళ్లే ఆయన దగ్గరికి వచ్చారు. వడ్డన తడి చేతులు చీరకు తుడుచుకుని, ఒకరి తర్వాత ఒకరు పాస్‌పోర్టులు ఆయనకు ఇచ్చేశారు. ఆయన అడగను కూడా లేదు. శాలువా మడతలో పెట్టుకున్నారు.

“ఎందుకిచ్చావు?” వాసంతి జెస్లిన్‌ను పక్కకు పిలిచి అడిగింది.

జెస్లిన్‌కు ప్రశ్న అర్థం కాలేదు. “రూములో పోతుందండీ. సార్ దగ్గరైతే భద్రం కదా,” అని, సాంబారు బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

రోజమ్మ మెసేజ్ చూసి ప్రసాద్‌గారు అనుకున్నంతగా బాధపడలేదు. చెబితే కారులో నేనే దింపేవాణ్ణి కదా అన్నారు. అసోసియేషన్ జనవరి పత్రికలో ఆ ఫోటో వేశారు. డాక్టర్‌గారి చేయూతతో లీడ్స్‌లో నర్సుగా స్థిరపడిన శ్రీమతి రోజమ్మ అని కింద రాశారు. మానవ హక్కుల దినోత్సవం ఇకమీదట ఏటా జరపాలని కమిటీ తీర్మానించింది. పాస్‌పోర్టుల ప్రదానం జనానికి బాగా నచ్చిందట, దాన్ని కూడా ఏటా పెడదామన్నారు ప్రసాద్‌గారు. లాకర్‌లో నాలుగు ఉండనే ఉన్నాయి, కొత్త మనిషి రాగానే ఐదవుతాయి. హెలెన్ ఈ కథంతా విని, ఒక హక్కు అమలైందన్నది స్పష్టం, అయితే ఏ యంత్రాంగం ద్వారా అమలైందని అడిగింది. వాసంతి శాలువా గురించి చెప్పింది. హెలెన్ రాసుకోబోయి కలం ఆపి, దీనికి రెఫరెన్స్ ఇవ్వడం కష్టం, వ్యాసంలోంచి తీసేయడం మంచిదంది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సోమవారం మధ్యాహ్నం, వాసంతి బట్టలు ఇస్త్రీ చేస్తుంటే రోజమ్మ లీడ్స్ నుంచి ఫోన్ చేసింది. పని అయిపోయింది మేడమ్ అంది. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి చూసి, ఒక జిరాక్స్ తీసుకుని, వెంటనే తిరిగి చేతికిచ్చేసిందట. ఇంత తొందరగా ఇచ్చేస్తారనుకోలేదంది. ఆ మాట రెండుసార్లు చెప్పింది. ఉద్యోగం జనవరి నుంచి. నర్సుల క్వార్టర్స్‌లో గది ఇచ్చారు, ఇంకో అమ్మాయితో కలిసి. వాసంతి చాలా సంతోషమంది. నిజంగానే సంతోషంగా ఉంది.

“ఒక్క మాటండీ,” అంది రోజమ్మ. “ఇప్పుడిది ఎక్కడ పెట్టుకోను? బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను, పొద్దుట్నుంచి పది సార్లు చూసుకున్నాను. గదికి తాళం సరిగ్గా పడటం లేదు. మీకు రిజిస్టర్ పోస్టులో పంపేస్తాను, మీ దగ్గర ఉంచుతారా మేడమ్? మీ దగ్గరైతే నాకు దిగులుండదు.”

సరే పంపించు అన్న మాట వాసంతి నాలుక చివరి దాకా వచ్చింది. తమ పడకగది అలమరలో పై అర, మాయ సర్టిఫికెట్ల ఫైలు పక్కన, అక్కడైతే ఎవరి చెయ్యీ పడదు అని మనసులో చోటు కూడా చూసేసింది. ఇస్త్రీ పెట్టె తీసి నిలబెట్టింది.

“వద్దు రోజమ్మా. నీ దగ్గరే ఉండనీ. మార్కెట్లో చిన్న ఇనప పెట్టెలు దొరుకుతాయి, తాళంతో వస్తాయి. ఇవాళే ఒకటి కొనుక్కో.”

రోజమ్మ తేలిక పడింది. ఆ మాట బాగుందండీ అంది. పెట్టె ఎంత పెద్దది కావాలి, మంచం కింద పడుతుందా అని అడిగి తెలుసుకుంది. తర్వాత కాసేపు ఆలోచించింది.

“ఆ పెట్టెలకు రెండేసి తాళంచెవులు ఇస్తారు కదండీ. ఒకటి మీకు పంపిస్తాను.”

వాసంతి వద్దంది. అనడానికి కొంచెం ఆలస్యమైంది.